విమాన కాంపోజిట్లా, సర్జరీ ఇంప్లాంట్లా? ముందు ఏది ఎలా పాడవుతుందో చూడండి

మీ ప్రశ్న చదివానండి. భీమవరంలో మెకానికల్ చివరి ఏడాది, ఇల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు. విమానాల కాంపోజిట్ నిర్మాణాల మీద, అంటే సన్నటి పోగుల్ని రెజిన్ అనే జిగురుతో కలిపి చేసే పదార్థాల మీద, రీసెర్చ్ చెయ్యాలని మీ కోరిక. మీ గైడ్ గారేమో ఇప్పుడు ముందుకెళ్తున్నది సర్జరీకి పనికొచ్చే త్రీడీ ప్రింటింగూ ఇంప్లాంట్లూనని అంటున్నారు. ఏది మంచిది, మన జిల్లాల్లో ఉండి మొదలుపెట్టొచ్చా, తర్వాత ఉద్యోగం మాటేమిటి, ప్రాజెక్టుకి కొబ్బరి పీచు కాంపోజిట్ తీసుకుంటే చాలదా అని అడిగారు. నేను చాలా ఏళ్లు విమాన భాగాల కాంపోజిట్ల మీద, ఆ తర్వాత ఎముకల సర్జన్లతో కలిసి పనిచేశాను. పుట్టి పెరిగింది రాజోలు వైపే. కాబట్టి మీ చుట్టూ ఏమున్నాయో, ఏం లేవో తెలిసే రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. రెండిట్లో ఏదైనా తీసుకోండి, కానీ పదార్థాన్ని చూసి తీసుకోకండి. ఆ వస్తువు ఎలా పాడవుతుంది, పాడైనట్టు ఎవరికి, ఎప్పుడు, ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న మిమ్మల్ని ఎక్కడ నిద్రపోనివ్వకపోతే అక్కడికి వెళ్లండి. అలా చూస్తే మీరూ మీ గైడ్ గారూ చెబుతున్నవి రెండు వేర్వేరు రంగాలు కావని త్వరలోనే తెలుస్తుంది.

అవి వేర్వేరు కావని మన తెలుగు నేల మీదే ఒకసారి రుజువైంది. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసే ఒక ఎముకల డాక్టరు గారు అబ్దుల్ కలాం గారి ల్యాబుకి వచ్చి, క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. తర్వాత కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, కాళ్లకి ఊతంగా కట్టే, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించారు. కొద్ది వారాల్లోనే అదే పనికి 300 గ్రాముల కాలిపర్ తయారైంది. తన జీవితంలో అన్నిటికన్నా సంతోషం కలిగించిన పనుల్లో ఇదొకటని కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. దీన్నుంచి నేను గ్రహించింది ఒకటుంది. అక్కడ ఎవరూ కొత్త పదార్థం కనిపెట్టలేదు. ఉన్న పదార్థాన్ని ఎరిగిన మనిషి, ఉన్న బాధను ఎరిగిన మనిషి ఒకే గదిలో నిలబడ్డారు, అంతే. మీరు ఎటు వెళ్లినా చెయ్యాల్సింది ఆ గదిలోకి చేరడమే.

ముందు విమానాల సంగతి. బోయింగ్ 787 నిర్మాణ బరువులో సుమారు సగం కాంపోజిట్లే. ఎయిర్‌బస్ ఏ350లో 53 శాతం. మన తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో 45 శాతం కార్బన్ ఫైబర్ కాంపోజిట్లు. వీటి వెనక ఉన్న లెక్క చిన్నదే. కార్బన్ ఫైబర్ లామినేట్ (పొరలు పేర్చి చేసిన పలక) సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.6 గ్రాముల దగ్గర ఉంటుంది, అల్యూమినియంది 2.7 నుంచి 2.8. ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, దాని వెంట లాగితే మామూలు ఉక్కు కన్నా ఎన్నో రెట్లు గట్టి. ఈ వాక్యంలో ముఖ్యమైన మాట 'దాని వెంట లాగితే' అన్నదే. అడ్డంగా లాగితే మోసేది రెజిన్ మాత్రమే, పోగు కాదు. అందుకే పొరల్ని 0, 45, మైనస్ 45, 90 డిగ్రీల్లో పేర్చి, మధ్య పొరకి అటూ ఇటూ ఒకేలా వచ్చేట్టు చూస్తాం. లేకపోతే ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి పెట్టి వేడిచేసే పెద్ద పొయ్యిలో, 180 డిగ్రీల దగ్గర ఉడికి చల్లారేసరికి ఆ పలక తనంతట తనే వంకరపోతుంది.

ఇదంతా పుస్తకంలో దొరుకుతుంది. పుస్తకంలో చదివినా ఒంటబట్టనిది ఒకటుంది, అది పొరకీ పొరకీ మధ్య జరిగేది.

అంతర్వేది వైపో, ఉప్పాడ తీరానికో వెళ్లి ఫైబర్ బోటు రిపేరు చేసే షెడ్డులో ఒక పూట నిలబడండి. మౌల్డు మీద జెల్‌కోట్ పూసి, గ్లాస్ మ్యాట్ పరిచి, రెజిన్‌లో హార్డ్‌నర్ కలిపి బ్రష్షుతో తడిపి, పైన ముళ్ల రోలర్ తిప్పుతారు. ఆ రోలర్ ఎందుకో అడగండి. లోపల చిక్కుకున్న గాలి బయటకి రావడానికని చెబుతారు. గాలి మిగిలిన చోట మ్యాట్ మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది, అనుభవం ఉన్న పనివాడు ఆ మచ్చ కనబడగానే రోలర్ అటు తిప్పుతాడు. విమాన కర్మాగారంలో ఆరేడు వాతావరణ పీడనాలతో ఆటోక్లేవ్ చేసేదీ ఆ పనే. లామినేట్‌లో గాలి బుడగలు ఒక్క శాతం పెరిగితే పొరల మధ్య కోత బలం (పొర మీద పొర జారకుండా ఆపే బలం) సుమారు ఏడు శాతం తగ్గుతుంది. అందుకే విమాన ప్రధాన భాగాల్లో బుడగల్ని ఒకటి రెండు శాతం లోపలే ఆపుతారు. చేత్తో చేసిన బోటులో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటాయి, అయినా నడుస్తుంది, ఎందుకంటే బోటు గోడ మందంగా ఉంటుంది, బరువు గురించి ఎవరూ పట్టించుకోరు.

ఆ షెడ్డులోనే ఇంకొకటి అడగండి. ఒడ్డుకి కొట్టుకుని దెబ్బతిన్న బోటుకి లోపల ఎంత మేర పొరలు విడిపోయాయో ఎలా తెలుసుకుంటారని. సుత్తి పిడితోనో నాణెంతోనో తట్టుకుంటూ వెళ్తారు. గట్టి చోట ఠంగుమంటుంది, పొర విడిన చోట డొల్లగా మోగుతుంది. కొబ్బరికాయను వేలితో కొట్టి లేతదో ముదురో చెప్పేవాళ్ల ఊళ్లో పుట్టారు కాబట్టి ఈ విద్య మీకు త్వరగానే పట్టుబడుతుంది. విమానాల మెయింటెనెన్స్‌లోనూ ట్యాప్ టెస్ట్ ఇప్పటికీ గుర్తింపున్న పరీక్షే, దాని తర్వాతే అల్ట్రాసోనిక్ స్కాన్.

ఎందుకింత చెబుతున్నానంటే, కాంపోజిట్ నిర్మాణాల రీసెర్చికి గుండెకాయ ఇక్కడే ఉంది. అల్యూమినియం రేకు మీద స్పానర్ జారి పడితే సొట్ట పడుతుంది, కంటికి కనబడుతుంది. కార్బన్ లామినేట్ మీద అదే స్పానర్ పడితే పైన చిన్న గీత కూడా ఉండకపోవచ్చు, లోపల మాత్రం పొరలు అరచేతి వెడల్పున విడిపోయి ఉండొచ్చు. లాగినప్పుడు ఆ తేడా అంతగా తెలియదు. నొక్కినప్పుడు విడిపోయిన పల్చటి పొరలు ఒక్కొక్కటిగా ఉబ్బి వంగిపోతాయి, బలం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని విమానం డిజైన్ చేసేటప్పుడే, కంటికి సరిగా ఆనని ఇలాంటి దెబ్బ తగిలి ఉన్నా సరే, సర్వీసులో ఊహించిన గరిష్ఠ లోడుకి ఒకటిన్నర రెట్లు ఆ భాగం మొయ్యాలని నియమం పెట్టుకున్నారు. మన ఇంటర్నల్ పరీక్షల్లో అడిగే టెన్సైల్ స్ట్రెంగ్త్ కన్నా, దెబ్బ తర్వాత మిగిలిన కంప్రెషన్ బలం మీదే కార్బన్ రెక్క మందం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క విషయం ఒంటబట్టినవాళ్లు ఇంటర్వ్యూల్లో విడిగా కనబడతారు.

ఈ పొరల సమస్య ఎంత పెద్ద కంపెనీలనైనా వంచింది. రోల్స్‌రాయిస్ 1960ల చివర్లో ఆర్‌బీ211 ఇంజన్‌కి కార్బన్ ఫైబర్ ఫ్యాన్ బ్లేడ్లు పెట్టాలనుకుంది. 1970లో పక్షి తగిలే పరీక్షలో అవి ముక్కలైపోయాయి, టైటానియంకి మారాల్సొచ్చింది. ఆ ఇంజన్ ఖర్చు భారం మొయ్యలేక 1971 ఫిబ్రవరిలో కంపెనీయే దివాలా తీసింది. కాంపోజిట్ ఫ్యాన్ బ్లేడు నిలదొక్కుకున్నది 1995లో, జీఈ90 ఇంజన్‌లో. అదీ ముందంచుకి టైటానియం తొడుగు వేశాక. 787 కూడా అప్పటికే ఆలస్యమై ఉన్నా, 2009 జూన్‌లో రెక్క మొండేన్ని కలిసే చోట బలం చాలదని తేలి మళ్లీ ఆగింది. సరిచేసి డిసెంబరు 15న ఎగరేశారు. చిన్న ముక్కలతో మొదలుపెట్టి, కీళ్లు, ప్యానెళ్లు, చివరికి పూర్తి రెక్క వరకు మెట్టు మెట్టుగా పరీక్షించే పద్ధతి కాంపోజిట్లలో ఎందుకు తప్పదో దీన్ని బట్టి అర్థమవుతుంది. ముక్క మోసిన లోడు కీలు మొయ్యదు.

ఇప్పుడు సర్జరీ వైపు వద్దాం. ఎముక కూడా కాంపోజిట్టే. కొల్లాజెన్ పోగుల మధ్య ఖనిజం కూరిన పొరలు. గట్టి ఎముక స్టిఫ్‌నెస్, అంటే లోడు పడితే సాగకుండా వంగకుండా నిలిచే గుణం, 15 నుంచి 20 గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది. విమానాల నుంచి వైద్యానికి వచ్చిన టీఐ-6ఏఎల్-4వీ టైటానియం మిశ్రమానిది సుమారు 110, స్టెయిన్‌లెస్ స్టీలుది 190కి పైన. రెండిటినీ పక్కపక్కన బిగిస్తే లోడంతా లోహమే మోస్తుంది. పని లేని ఎముక క్రమంగా పల్చబడుతుంది. ఎముక తన మీద పడే లోడుని బట్టి మారుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశారు. కాబట్టి ఇక్కడ 'ఇంకా గట్టిగా, ఇంకా బలంగా' అన్నది సరైన లక్ష్యం కాదు. కార్బన్ ఫైబర్ కలిపిన పీక్ ప్లాస్టిక్‌ని ఎముక స్టిఫ్‌నెస్‌కి దగ్గరగా తేవచ్చు, పైగా అది ఎక్స్‌రేకి అడ్డం రాదు. ఎముక క్యాన్సర్ తీసేశాక అక్కడ రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే, లోహపు రాడ్ నీడ వల్ల స్కాన్ చెడిపోయి డోసు లెక్క కష్టమవుతుంది. కార్బన్-పీక్ రాడ్ అయితే ఆ బాధ తగ్గుతుంది. నా దృష్టిలో కాంపోజిట్లు శరీరంలోకి వెళ్లడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి.

అలాగని విమానంలో పనిచేసింది కదా అని ఒంట్లో పెట్టేయడానికి లేదు. 1970ల్లో మోకాలి కీలు ప్లాస్టిక్‌ని బలపరుద్దామని పాలీఎథిలీన్‌లో కార్బన్ పోగులు కలిపి అమ్మారు. కాగితం మీద అంతా బావుంది. కానీ ఆ ప్లాస్టిక్ పోగుని పట్టుకోదు. పోగుకీ ప్లాస్టిక్‌కీ మధ్య పట్టు లేక పగులు మామూలు పాలీఎథిలీన్‌లో కన్నా తొందరగా పాకింది, అరుగుదలా పెరిగింది. 1980ల్లో దాన్ని వదిలేశారు. మళ్లీ అదే కథ చూడండి. పోగు బలం ఎవర్నీ మోసం చెయ్యలేదు, పోగు పక్కనున్న సందు మోసం చేసింది.

రెండు రంగాలకీ అసలు తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. విమానాన్ని హ్యాంగర్‌లోకి తెచ్చి, ప్యానెల్ విప్పి, తట్టి, స్కాన్ చేసి, ప్యాచ్ వెయ్యొచ్చు. తుంటి కీలు మార్చినప్పుడు తొడ ఎముకలోకి దించిన లోహపు కాడని విప్పి చూడటం కుదరదు. మనిషి ఏడాదికి ఒక్కో కాలి మీద సుమారు పది లక్షల అడుగులు వేస్తాడు, నడిచేటప్పుడు తుంటి మీద ఒంటి బరువుకి రెండున్నర మూడు రెట్లు పడుతుంది. అందుకే తుంటి కాడల్ని 50 లక్షల సైకిళ్లు ఫెటీగ్ పరీక్షలో, అంటే లోడు మళ్లీ మళ్లీ వేసి తీసే పరీక్షలో, ఆడిస్తారు. విమానాల్లో తనిఖీ చేసే పనిని ఇక్కడ ముందుగానే రుజువు చేసే పరీక్ష చెయ్యాలి. మీకు తనిఖీ, రిపేరు, పెద్ద నిర్మాణాలు ఇష్టమైతే విమానాల వైపు వెళ్లండి. ముందే రుజువు చెయ్యడం, శుభ్రత, ఒక్కో మనిషికి ఒక్కో కొలత ఇష్టమైతే సర్జరీ వైపు రండి.

లోహపు త్రీడీ ప్రింటింగ్ గురించి రెండు ముక్కలు చాలు, ఎందుకంటే ఆ మెషీన్ మీ కాలేజీలో ఉండే అవకాశం తక్కువ. 20 ముక్కల ఫ్యూయెల్ నాజిల్‌ని ఒకే ముక్కగా ప్రింట్ చేసి లీప్ విమాన ఇంజన్లలో పెట్టిన పద్ధతికీ, ఎముక పాకేలా రంధ్రాలున్న టైటానియం తుంటి గిన్నె చేసే పద్ధతికీ మూలం ఒకటే. పొడిని పరచడం, లేజర్‌తోనో ఎలక్ట్రాన్ పుంజంతోనో కరిగించడం, మళ్లీ పరచడం. చిత్రమేమిటంటే ఒకే ముక్కలో మనం కోరుకున్న రంధ్రాలూ, మనకి శత్రువైన రంధ్రాలూ ఉంటాయి. ఎముక పాకడానికి ఉంచినవి కొన్ని వందల మైక్రాన్లవి. సరిగా కరగక మిగిలినవి అంతకన్నా చిన్నవి, అయినా ఫెటీగ్ పగులు పుట్టేది వాటి దగ్గరే. రెండోవాటిని మూసెయ్యడానికి వేడీ ఒత్తిడీ కలిపి హాట్ ఐసోస్టాటిక్ ప్రెసింగ్ (పొట్టిగా హిప్, తుంటికీ దీనికీ సంబంధం లేదు) అనే ప్రక్రియ చేస్తారు. ఈ దారి పడితే హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ అనే పరిశోధన ల్యాబులు, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, విశాఖలో మెడ్‌టెక్ జోన్ చూడాల్సినవి.

ఇక మన జిల్లాల్లోనే ఇవాళే మొదలుపెట్టగలిగిన పని. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

కోనసీమలో దింపు కార్మికులు కొబ్బరి చెట్టు మీంచి పడి తుంటి గూడు పగలగొట్టుకుని రావడం మీకు తెలియంది కాదు. పెల్విస్ (కటి) ఎముక ఆకారం మెలికలు తిరిగి ఉంటుంది, దాని మీద బిగించే ప్లేటుని ఆ మెలికకి సరిపోయేలా వంచాలి. మామూలుగా ఆ వంచడం ఆపరేషన్ మధ్యలో, కోసి తెరిచి ఉంచి, పెట్టి చూసి, తీసి, మళ్లీ వంచి చేస్తారు. ఒక్కో ప్రయత్నానికీ రక్తం పోతుంది. దీనికి చాలా చోట్ల వాడుకలోకి వచ్చిన ఉపాయం ఇది: పేషెంట్ సీటీ స్కాన్ తీసుకుని, పగలని వైపు ఎముకని కంప్యూటర్‌లో అద్దంలో చూసినట్టు తిప్పి, ఆ బొమ్మని మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తారు. ముందురోజే సర్జన్ గారు ప్లేటుని ఆ బొమ్మ మీద పెట్టి వంచుకుంటారు. ఆసుపత్రిలో ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్లేది ప్లేటు మాత్రమే, బొమ్మ కాదు. కాబట్టి 60 డిగ్రీలకే మెత్తబడే పీఎల్ఏతో చేసినా ఇబ్బంది లేదు. బల్ల మీద పెట్టుకునే చవక ప్రింటర్ చాలు, త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

అయితే నాణ్యత అంతా చిన్న విషయాల్లోనే ఉంటుంది. స్కాన్ ముక్కలు ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా పల్చగా ఉండాలి. రిపోర్టు కోసం చాలా చోట్ల ఐదు మిల్లీమీటర్ల మందంతో కాపీ ఇచ్చేస్తారు, దాంతో చేసిన ఎముక మెట్లు మెట్లుగా వస్తుంది. మెషీన్‌లో పల్చటి డేటా కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి రేడియాలజీ టెక్నీషియన్ గారితో ముందే మాట్లాడుకోవాలి. తర్వాత, ఎముకని విడదీసేటప్పుడు తుంటి గూడు గోడలాంటి పల్చటి చోట్లు సాఫ్ట్‌వేర్‌కి ఆనవు, చిల్లులు పడతాయి. వాటిని చేత్తో పూడ్చేటప్పుడు పక్కన స్కాన్ పెట్టుకుని, ముక్క ముక్కకీ గీత సరిచూడాలి. ప్రింటయ్యాక స్కాన్‌లో కొలిచిన రెండు మూడు దూరాల్ని వెర్నియర్‌తో బొమ్మ మీద కొలిచి కాగితం మీద రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, తిప్పిన బొమ్మ మీద కుడో ఎడమో, తిప్పిందో అసలుదో ప్లాస్టిక్‌లోనే ఉబ్బెత్తు అక్షరాలతో వచ్చేలా చెయ్యాలి. స్టిక్కర్ ఊడిపోతుంది, పెన్ను చెరిగిపోతుంది. కుడి ఎడమలు తారుమారైతే ఎంత చక్కటి బొమ్మయినా ప్రమాదమే.

ఇది విద్యార్థి చెయ్యగలిగిన పనే, కానీ హద్దు గుర్తుంచుకోండి. మీరు చేసిన బొమ్మ సర్జన్ గారి బల్ల మీద ఉండొచ్చు, మీరు చేసిన వస్తువు పేషెంట్ ఒంట్లోకి వెళ్లకూడదు. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం ఎముకల ఇంప్లాంట్లు సీ తరగతిలోకి వస్తాయి, లైసెన్సు లేకుండా చెయ్యడానికి లేదు. పేషెంట్ పేరూ వివరాలూ తీసేసిన స్కానే వాడాలి, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి.

కొబ్బరి పీచు ప్రాజెక్టు గురించి నిజం చెబుతాను. అంబాజీపేట పీచు, రావులపాలెం అరటి నార తెచ్చి, పాలియెస్టర్‌లో కలిపి, టెన్సైల్ పరీక్ష చేసి, పది శాతం, ఇరవై శాతం అని గ్రాఫు గీసిన రిపోర్టులు మన కాలేజీ లైబ్రరీల్లో అటక నిండా ఉంటాయి. ఇంకొకటి చేరిస్తే ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ లేదు. పీచు పోగు బలం 100 నుంచి 200 మెగాపాస్కల్స్ ఉంటుంది, స్టిఫ్‌నెస్ ఐదు గిగాపాస్కల్స్ దరిదాపుల్లో. గ్లాస్ ఫైబర్‌కి అది 70 పైన. విమానం రెక్కలోకి పీచు రాదు, రావాలని ఆశించడం పీచుకే అన్యాయం. దానికి వేరే గుణం ఉంది: తెగేముందు 15 శాతానికి పైగా సాగుతుంది, దెబ్బ శక్తిని మింగుతుంది. కాబట్టి గ్లాస్ పొరల మధ్య పీచు పొర పెడితే, దెబ్బ తగిలాక పొరలు విడే మేర తగ్గుతుందా? తట్టి చూసి, కోసి చూసి, నొక్కి చూసి చెప్పగలిగితే అది ప్రశ్న. దానికి పైనుంచి బరువు వదిలే డ్రాప్ టవర్ కావాలి, కాలేజీ వర్క్‌షాపులోనే గైడ్ రాడ్లతో కట్టుకోవచ్చు. ఒకే ఎత్తు నుంచి, ఒకే బరువు, ఒకే గుండ్రటి మొన. వదిలిన ప్రతిసారీ రెండో దెబ్బ పడకుండా బరువుని పట్టెయ్యాలి, లేకపోతే రీడింగు చెడిపోతుంది.

రెండో ప్రశ్న మన వాతావరణమే ఇచ్చింది. ఎపాక్సీ తేమ పీలుస్తుంది. ఒక శాతం బరువు పెరిగినా అది మెత్తబడే ఉష్ణోగ్రత బాగా కిందికి దిగుతుంది. అందుకే విమానాల డిజైన్‌లో అన్నిటికన్నా గడ్డు పరిస్థితి వేడీ తేమా కలిసినప్పుడే. దాని కోసం ల్యాబుల్లో 70 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెల్లో ముక్కల్ని వారాల తరబడి నానబెడతారు. మన డెల్టాలో ఆగస్టులో కిటికీ తెరిస్తే తేమ సగం మీకు ఉచితమే. ముక్కలు చేసిన రోజు ఒక బరువు, వారం వారం ఒక బరువు, మిల్లీగ్రాము చూపించే త్రాసు, ఒక మంచి నోటుబుక్. అదే త్రాసుతో సర్జరీ వైపు ప్రశ్న కూడా అడగొచ్చు: ఎముకలో డ్రిల్ ఎటు దిగాలో చూపించే, నైలాన్‌తో ప్రింట్ చేసిన డ్రిల్ గైడుని 121 డిగ్రీల ఆవిరిలో ఒకసారి, ఐదుసార్లు, పదిసార్లు పెడితే రంధ్రం వ్యాసం ఎంత మారుతుంది, అక్షం ఎంత వంగుతుంది? ఇది ఏ ఆర్థోపెడిక్ సర్జన్ గారైనా వెంటనే తెలుసుకోవాలనుకునే విషయం. కాంపోజిట్లు నేర్పిన ఓపికే ఇక్కడా పనికొస్తుంది. మీరూ మీ గైడ్ గారూ ఇద్దరూ సంతోషించే ప్రాజెక్టు అంటే నా లెక్కలో ఇదే.

తేమ ఇబ్బంది కూడా పెడుతుంది. ఎవరైనా మీకు కార్బన్ ప్రీప్రెగ్ (ముందే రెజిన్ పట్టించిన కార్బన్ పొర) ముక్క ఇస్తే అది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. బయటకి తీశాక సంచి పైనున్న నీటి చెమట పూర్తిగా ఆరి, గది వేడికి వచ్చేదాకా సీలు విప్పకూడదు. తొందరపడి విప్పితే గాల్లో తేమ నేరుగా పొర మీద కూర్చుని, ఉడికేటప్పుడు ఆవిరై, బుడగలవుతుంది. మన దగ్గర ఎండాకాలం కరెంటు కోతల్లో ఫ్రీజర్ ఎంతసేపు ఆగిందో రాసిపెట్టే అలవాటు కూడా ఉండాలి.

ఉద్యోగాల మాట. విమానాల వైపు బెంగళూరులో ఎన్ఏఎల్ అనే సీఎస్ఐఆర్ విమాన పరిశోధన ల్యాబు, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబులు, వాటికి భాగాలు చేసే ప్రైవేటు కంపెనీలు. గేట్ మంచి స్కోరుతో ఎంటెక్ చేసి వెళ్లేదే నిఖార్సైన దారి. సీఎస్ఐఆర్ ల్యాబుల్లో, డిగ్రీలిచ్చే వాటి అకాడమీ ఏసీఎస్ఐఆర్ ద్వారా పీహెచ్‌డీ కూడా చెయ్యొచ్చు. సర్జరీ వైపు తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ చూడండి. 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర గుండె వాల్వు అక్కడ పుట్టిందే. కొన్ని నమూనాలు పరీక్షల్లో విఫలమైనా ఆపకుండా మార్చుకుంటూ వచ్చి సాధించారు. ఇంప్లాంట్ కంపెనీల్లో డిజైన్ కన్నా క్వాలిటీ, టెస్టింగ్, రెగ్యులేటరీ విభాగాల్లో ఖాళీలు ముందు దొరుకుతాయి. చాలామంది వాటిని చిన్నచూపు చూస్తారు, నేను చూడను. ఏది ఎలా పాడవుతుందో నేర్పే బడి అదే.

వచ్చే వారం సర్జన్ గారి దగ్గరకి వెళ్లేటట్టయితే, కాకినాడ ప్రభుత్వాసుపత్రికి గానీ, మీ అమలాపురం, రాజమండ్రి మెడికల్ కాలేజీలకి గానీ, ఓపీ అయ్యాక మధ్యాహ్నం వెళ్లండి. పవర్‌పాయింట్ తీసుకెళ్లకండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సీటీ డేటాతో మీరే ప్రింట్ చేసిన సగం పెల్విస్ ఒకటి, దాని కొలతలు రాసిన కాగితం ఒకటి చేతికివ్వండి. మీ ఆపరేషన్లలో ఏ చోట ఎక్కువసేపు పడుతోందండీ అని అడిగి, నోటుబుక్ తెరిచి వినండి. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తే, దాన్ని ఏ పరీక్షగా మార్చొచ్చో కలిసి చూద్దాం.